అంగుళం తేడాకు ఎన్ని ఎకరాలు?

"డ్రోను వచ్చి ఊరంతా ఫొటోలు తీసుకుపోయింది గదా, మా అరెకరం అందులో ఏది బాబూ?" అని ఏలూరు దిగువన ఒక ఊరి గ్రామసభలో ఒక ముసలమ్మ లేచి అడిగింది. పేరున్న పెద్దరైతులంతా ముందు కుర్చీల్లో వున్నారు. మన కూలి జనం వెనక నిలబడి వున్నారు. గోడకు పెద్ద బొమ్మ తగిలించారు. గట్లు, బోదెలు, కొబ్బరి చెట్లు, వాటి నీడలు, ఆఖరికి దొడ్లో ఆరేసిన చీరలు కూడా అందులో కనిపిస్తున్నాయి. ఒక కుర్రాడు ఆమె సర్వే నంబరు చూసి బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. ఆమె వంగి చూసి, "ఇక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు గదా!" అన్నది.

నిజమే, నీళ్ళే వున్నాయి. ఆమెకు ప్రభుత్వం ఇచ్చిన డి-ఫారం పట్టా భూమి పక్క ఆసామి చేపల చెరువులో కలిసిపోయి చాలా ఏళ్ళయింది. పట్టా కాగితం ఆమె ట్రంకు పెట్టెలో వుంది, భూమి నీళ్ళ కింద వుంది. పైనుంచి తీసిన ఫొటోలో ఒకే చెరువు, చుట్టూ ఒకే గట్టు. సభ ఆ మాట మీద ఆగలేదు, తరువాతి నంబరుకు వెళ్ళిపోయింది. ఆమె కూర్చున్నది. మేము మాత్రం అక్కడే ఆగిపోయాము. ఆ బొమ్మ ఎట్లా తయారవుతున్నది? అందులో ఏది పడుతుంది, ఏది పడదు? ఇది తెలియకుండా రేపు మనవాళ్ళు ఏ సభలో లేచి ఏమి అడుగుతారు? అందుకని రెండు నెలలపాటు ఈ సంగతి మీదనే తిరిగాము. తెలుసుకున్నది, మాకు అర్థమయినంత వరకు, ఇక్కడ రాస్తున్నాము.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన జిల్లాల్లో భూమిని ఊరూరా నిలువునా కొలిచి నూరేళ్ళు దాటింది. బ్రిటిషువాడి సర్వేయర్లు గొలుసు పట్టుకుని గట్టు గట్టు తిరిగారు. గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. గొలుసు రెండో కొస పట్టుకుని బురదలో నడిచింది ఎవరు? మన తాత ముత్తాతలే. వాళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ లేవు, వాళ్ళు కొలిపించిన భూముల్లో వాళ్ళకు సెంటు రాలేదు. సరే.

2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో రాష్ట్ర ప్రభుత్వం రీసర్వే ప్రారంభించింది. కేంద్ర సంస్థ అయిన సర్వే ఆఫ్ ఇండియాతో ఒప్పందం చేసుకున్నారు. డ్రోనులతో ఫొటోలు తీయడం, వాటిని కలిపి కొలతకు సరిపడే బొమ్మగా చేయడం, ఆ బొమ్మ పట్టుకుని నేల మీద హద్దులు సరిచూడడం, ఇదీ పద్ధతి. ఆరు వేలకు పైగా గ్రామాల్లో పని అయిందన్న నాటికి 2024లో ప్రభుత్వం మారింది. విస్తీర్ణం తగ్గిందని, నలుగురైదుగురు రైతులకు కలిపి ఒకే ఎల్‌పీఎం నంబరు వేశారని ఊరూరా ఫిర్యాదులు వచ్చాయి. కొత్త ప్రభుత్వం సభలు పెట్టి ఫిర్యాదులు తీసుకుని 2025లో రీసర్వేను మళ్ళీ మొదలుపెట్టింది. ఈలోగా హద్దు రాళ్ళ మీద ఒకరు పేరు చెక్కించడం, మరొకరు దాన్ని అరగదీయించడం కూడా జరిగింది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన భూయాజమాన్య హక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేశారు. చట్టం పోయినా సర్వే పోలేదు, బొమ్మలు పోలేదు. మన దృష్టి అందుకే బొమ్మ మీద వుండాలి.

ఒంటి కన్నుతో సూదిలో దారం

బొమ్మ సంగతి మాకు చెప్పినవాడు మా పక్క ఊరి కుర్రాడు. వాళ్ళమ్మ ఇప్పటికీ ఊడ్పుల ముఠాలో పనికి పోతుంది. వాడు తాడేపల్లిగూడెం వైపు ఒక ఇంజనీరింగు కాలేజీలో చదువుతున్నాడు. "బాబాయ్, ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించు చూద్దాం" అన్నాడు. ప్రయత్నించాము. దారం సూది ముందర నుంచి పోతుంది, లేదా వెనక నుంచి పోతుంది, బెజ్జంలోకి మాత్రం పోదు. రెండో కన్ను తెరిస్తే పోతుంది. రెండు కళ్ళకీ మధ్య వున్న ఆ రెండున్నర అంగుళాల ఎడం వల్లనే మనకు దూరం తెలుస్తున్నది.

డ్రోను చేసే పని కూడా ఇదే. ఒక చోట ఒక ఫొటో, నాలుగు అడుగులు ముందుకు జరిగి ఇంకో ఫొటో. అదే తాటిచెట్టు మొదలు, అదే తూము అంచు, అదే గట్టు మూల అయిదారు ఫొటోల్లో అయిదారు కోణాల నుంచి పడుతుంది. ఇదీ అదీ ఒకటే అని యంత్రం పోల్చుకుంటే త్రికోణం లెక్క కట్టి ఆ బిందువు ఎక్కడ వుందో, ఎంత ఎత్తున వుందో చెబుతుంది. పూర్వం సర్వేయరు జెండాలు పాతి కట్టిన త్రికోణమే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ త్రికోణాలు కోట్లలో వుంటాయి.

ఎన్ని ఫొటోలు కావాలి? కుర్రాడు తన చదువు పని కింద, కొల్లేరు అభయారణ్యం హద్దుకు ఇవతల, కాలువ కింద మాగాణి, చేపల చెరువులు కలిసి వున్న ఆరు వందల ఎకరాలు ఎంచుకున్నాడు. మామూలు అనుమతితో డ్రోను ఎగరగల ఎత్తు 400 అడుగులు. ఆ ఎత్తు నుంచి వాడి కెమెరాలో ఒక ఫొటోకు అయిదు ఎకరాల పైచిలుకు పడుతుంది. కానీ ఒక ఫొటో మీద ఇంకోటి ముందుకు నూటికి ఎనభై వంతులు, పక్కకు డెబ్భై వంతులు కమ్ముకోవాలి. కమ్ముకోకపోతే పోల్చుకోవడానికి ఏమీ వుండదు. లెక్క వేస్తే ఒక్కో ఫొటోకు కొత్తగా కలిసే నేల 32 సెంట్లు మాత్రమే. ఆరు వందల ఎకరాలకు దాదాపు 1,900 ఫొటోలు. ఒక్కో ఫొటోలో రెండు కోట్ల చుక్కలు. నేల మీద ఒక సెంటు జాగా 37 వేల చుక్కలుగా విడిపోతుంది.

ఇక ఏ ఫొటో ఏ ఫొటోతో కలుస్తుందో ప్రతి జతనూ చూడాలంటే 18 లక్షల జతలు. దగ్గర దగ్గర ఫొటోలనే పోల్చమని చెప్పి దాన్ని తగ్గిస్తారు. తగ్గించినా ఇంట్లో వుండే కంప్యూటరుకు అది మోయలేని బరువు. కుర్రాడి యంత్రం రెండు రాత్రులు ఫ్యాను రొద చేస్తూ తిరిగి, మూడో తెల్లవారుజామున మెమరీ చాలక చతికిలబడింది. చేసిన లెక్కంతా పోయింది. వాళ్ళమ్మ కరెంటు బిల్లు సంగతి ఎత్తింది.

యంత్రాల ముఠా

అప్పుడు వాడు కాలేజీలో వున్న క్లస్టరు మీదకు పని మార్చాడు. క్లస్టరు అంటే పెద్ద బుర్రగల ఒక యంత్రం కాదు, అనేక యంత్రాలను తీగలతో కట్టి ఒకే పని మీద పెట్టడం. పెద్ద పెద్ద సూపర్ కంప్యూటర్లు కూడా లోపల ఇట్లాగే వుంటాయి. 1991లో పుణెలోని సీ-డాక్ వాళ్ళు మన దేశంలో తయారు చేసిన పరమ్ నుంచి, హైదరాబాదు ఐఐటీలో వున్న పరమ్ సేవ దాకా అదే సూత్రం. మనవాళ్ళకు ఇది చెప్పడం సులువు. ఊడ్పుల ముఠా చూడండి. మేస్త్రి చేను చూసుకుని ఎవరి వరస వాళ్ళకు చెబుతుంది. ఒక్కో మనిషి తన వరస తాను నాటుకుంటూ వెనక్కి వస్తుంది. ఒక్కతే నాటితే ఇరవై రోజులు పట్టేది ఇరవై మంది ఒక్క రోజులో ముగిస్తారు. ఇక్కడా ఒక యంత్రం మేస్త్రి, మిగతావి నాటేవి. వాటిని నోడ్లు అంటారు.

కానీ ముఠా ఎంత పెద్దదయినా నీళ్ళు ఒక్క బోదెలోంచే రావాలి గదా. ఇరవై మంది వచ్చి గట్టున కూర్చున్నా చేనుకు నీళ్ళు ఎక్కేదాకా నారు వెయ్యలేరు. ఈ లెక్కలోనూ అట్లాంటి దశ వుంది. ఒక్కో ఫొటోలో గుర్తులు వెతకడం ఏ నోడుకు ఆ నోడు విడిగా చేసుకోవచ్చు. అన్ని ఫొటోలు ఎక్కడెక్కడి నుంచి, ఏ వాలున తీసినవో ఒకేసారి సర్దే లెక్క మాత్రం విడగొట్టడం కష్టం. ఒక కెమెరా స్థానం కదిపితే పక్కది కదలాలి, అది కదిలితే దాని పక్కది. అక్కడ ఎన్ని యంత్రాలు తెచ్చిపెట్టినా మేలు కొంతే.

కాబట్టి ఏమి చేస్తారంటే నేలనే ముక్కలు చేస్తారు. కుర్రాడు వాడినది ఓపెన్ డ్రోన్ మ్యాప్ అనే సాఫ్ట్‌వేరు. ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు, లోపలి రాత అంతా బయటపెట్టి వుంటుంది, తెలిసినవారు ఎవరయినా తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. భూమి లెక్కలు కట్టే విధానం తాళం వేసిన పెట్టెలో వుంటే దాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? ఈ సాఫ్ట్‌వేరు ఫొటోలను గుంపులుగా విడగొడుతుంది. గుంపు గుంపుకూ మధ్య కొంత మేర ఉమ్మడిగా వుంచుతుంది, మామూలుగా 150 మీటర్లు. ఒక్కో గుంపు ఒక్కో నోడుకు ఇచ్చి, అవి చేసిన ముక్కలను చివర కలిపి కుడుతుంది. వాడు అయిదు గుంపులు చేశాడు. క్యూలో నాలుగు రోజులు ఆగవలసి వచ్చింది. క్లస్టరు దగ్గరా రేషను షాపు దగ్గరలాగే వరస వుంటుంది, ప్రొఫెసర్ల పనులు ముందు పోతాయి. వరస వచ్చాక ఒక పూటలో పని ముగిసింది. ఇంట్లో మూడు రాత్రులకు కాని పని!

బొమ్మ అందంగా వచ్చింది. పుంత మీద బండి జాడలు కూడా కనిపిస్తున్నాయి. అయితే ఎత్తుల పటం తెరిచేసరికి రెండు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి. చెరువులన్నీ చిరిగిన గుడ్డలో చిల్లుల్లాగా వున్నాయి. కొన్ని చోట్ల నీటి మీద గుట్టలు లేచాయి. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. యంత్రం ఒక గుర్తును రెండు ఫొటోల్లోనూ పోల్చుకోవాలి. నీటి మీద గుర్తు ఏముంటుంది? ఎండ తళుకు ఒక ఫొటోకు ఇంకో ఫొటోకు మారిపోతుంది. గాలికి అల కదిలిపోతుంది. ఏరేటరు నురుగు తిరిగిపోతుంది. కొంగ ఎగిరిపోతుంది. పోల్చుకోవడానికి నిలకడైనది ఏదీ దొరక్క, యంత్రం అక్కడ ఊరుకోవడమో, చుట్టూ వున్న గట్టును బట్టి ఊహించడమో చేస్తుంది. నీటి కింద నేల సంగతి సరే సరి, దానికి ఆ నేల కనిపించనే కనిపించదు. ఏపుగా పెరిగిన వరి కూడా గాలికి వూగితే ఇంతే చేస్తుందట.

రెండోది ఇంకా పెద్దది. మూడో గుంపు, నాలుగో గుంపు కలిసిన చోట ఒక పొడుగాటి గట్టు మీద మెట్టు కనిపించింది. ఇటువైపు కంటే అటువైపు నాలుగు అంగుళాలు ఎక్కువ ఎత్తు. కుర్రాడు తల గోక్కున్నాడు. నిజంగా గట్టుకు మెట్టు వుందా, కుట్టులో వచ్చిన తేడానా? మేమూ, ఇద్దరు తాపీ పనివాళ్ళూ కలిసి అక్కడికి వెళ్ళాము. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు తీసుకెళ్ళాము. మెట్టుకు ఇటు పది గజాలు, అటు పది గజాలు ట్యూబు కొసలు పట్టి చూశాము. నీళ్ళు అబద్ధం చెప్పవు గదా. తేడా అర అంగుళం కూడా లేదు. నాలుగు అంగుళాల మెట్టు నేల మీద లేదు, క్లస్టరులో పుట్టింది.

ఎందుకు పుట్టింది? నేల మీద సున్నంతో ముగ్గు గుర్తులు వేసి, జీపీఎస్ యంత్రంతో వాటి స్థానం, ఎత్తు కచ్చితంగా కొలిచి పెట్టాలి. వాటిని కంట్రోలు పాయింట్లు అంటారు. ఫొటోల్లో ఆ గుర్తులు చూసి లెక్క తనను తాను సరిచేసుకుంటుంది. కుర్రాడు నాలుగే వేశాడు, నాలుగూ ఊరి వైపునే వేశాడు. చెరువుల మధ్యకు పోవాలంటే గట్ల మీద కాపలావాళ్ళు ఒప్పుకోలేదు. చెరువుల మధ్య గుంపుకు పట్టు ఏమీ లేదు. చుట్టూ నీళ్ళే గనుక పక్క గుంపుతో కలుపుకునే గుర్తులూ తక్కువే. అది గాలిపటంలాగా నాలుగు అంగుళాలు పైకి లేచింది. ముక్కలు చేయకపోయినా ముప్పు లేకపోలేదు. కంట్రోలు పాయింట్లు చాలకపోతే మొత్తం నేల బోర్లించిన గిన్నెలాగా మధ్యలో ఉబ్బి వస్తుందని వాడు చెప్పాడు. అన్నీ సక్రమంగా చేసినా ఇట్లాంటి పనిలో అడ్డం కొలత కంటే ఎత్తు కొలతలో తప్పు ఎక్కువ. రెండు మూడు అంగుళాలు రావడం మామూలే.

కొల్లేటిలో అంగుళం

"నాలుగు అంగుళాలేగా, ఇల్లు కట్టడంలోనే వస్తాయి" అన్నాడు మాతో వచ్చిన తాపీ మేస్త్రి. ఇంకో చోటయితే మేమూ అదే అనేవాళ్ళం. కానీ ఇది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళన్నీ ఇక్కడికి చేరి, ఒక్క ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. నేల పళ్ళెంలాగా వుంటుంది. ఇక్కడ హద్దు గట్టుతో లేదు, రాయితో లేదు, ఎత్తుతో వుంది. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రాంసర్ జాబితాలోకి ఎక్కింది. 3 అడుగుల కాంటూరు దగ్గర సరస్సు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లే. అభయారణ్యాన్ని 3 అడుగులకు కుదించమని 2008లో మన శాసనసభ తీర్మానం కూడా చేసింది.

రెండు అడుగుల ఎత్తుకు 173 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లోకి మార్చితే 42 వేల 700 ఎకరాల పైన. రెండు అడుగులంటే ఇరవై నాలుగు అంగుళాలు. భాగించి చూడండి. సగటున అంగుళానికి దగ్గర దగ్గర 1,780 ఎకరాలు! నేల అన్ని చోట్లా ఒకే వాలున వుండదు గనుక ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ వుంటుంది. అయినా మా గట్టు మీద క్లస్టరు పుట్టించిన నాలుగు అంగుళాల మెట్టు సరస్సు చుట్టూ వస్తే ఏడు వేల ఎకరాలు ఇటో అటో పోతాయి. ఏడు వేల ఎకరాలలో ఎన్ని లంక గ్రామాల బతుకులుంటాయో, ఎందరు వలలు వేసుకునేవాళ్ళుంటారో, ఎన్ని పెద్ద చెరువులుంటాయో మీకు తెలుసు. పెద్ద చెరువులవాడికి వకీలు వున్నాడు, సొంత సర్వేయరు వున్నాడు, అవసరమయితే సొంత డ్రోను కూడా వుంటుంది. పేదవాడికి ఎవరున్నారు?

ఇంకో చిక్కు. జీపీఎస్ చెప్పే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి లెక్క కోసం గీసుకున్న ఒక నునుపైన గుడ్డు ఆకారం నుంచి. మన దేశంలో ఈ రెంటికీ పదుల మీటర్ల తేడా వుంది. దాన్ని సవరించాలి. సవరణ సరిగా వచ్చిందీ లేనిదీ పాత బెంచి మార్కుల దగ్గర మట్టపలక పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కాటన్ దొర కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువలు తవ్వింది మట్టాలు చూసి చూసే. ఆ పని ఇప్పటికీ నడిచే మనిషే చెయ్యాలి.

అభయారణ్యం ఎత్తును లెక్కించేటప్పుడు ఏ పద్ధతి వాడారో, ఎన్ని కంట్రోలు పాయింట్లు వేశారో, ఎక్కడ వేశారో, ఎంత తప్పు వచ్చిందో పటం మీదనే రాసి గ్రామసభలో పెట్టాలి. ఇది మనం అడగవలసిన మొదటి మాట. పటం అడుగున సన్నని అక్షరాలతో వుండే ఆ లెక్కే అన్నిటికంటే ముఖ్యం.

2006లో జరిగింది మరిచిపోయామా? సుప్రీంకోర్టు ఆదేశాల మీద 5 అడుగుల కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు పేల్చారు. 1970లలో మత్స్యకార సహకార సంఘాలకు ఇచ్చిన చెరువులు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి. వాటిలో అనేకం అప్పటికే బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి లీజు మీద పోయాయి. గట్టు తెగినప్పుడు పెట్టుబడిదారుడు ఇంకో చోట చెరువు తవ్వుకున్నాడు. గట్టు మీద కూలి చేసుకునేవాడు వలస పోయాడు. తరువాత చాలా గట్లు మళ్ళీ లేచాయి. ఎవరివి ముందు లేచాయో కొల్లేటి జనాన్ని అడిగితే చెబుతారు.

అట్లా అని యంత్రం మన పగవాడని మేము అనడం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాన్ని కంప్యూటరుతో విశ్లేషించి, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువుల కింద, మరో ఎనిమిదిన్నర శాతం వ్యవసాయం కింద పోయిందని 2004లో ప్రచురించారు. అప్పటిదాకా ఆక్రమణ ఎక్కడుందని దబాయించినవాళ్ళ నోళ్ళు మూయించింది ఆ బొమ్మే. డ్రోను బొమ్మ అంతకంటే వెయ్యి రెట్లు సూక్ష్మంగా చూస్తుంది. పుంత ఎవరు దున్నుకున్నారో, శ్మశానం ఎంత మిగిలిందో, మురుగు కోడు ఎక్కడ పూడ్చారో అందులో పడుతుంది. పాత ఎఫ్‌ఎంబీ పక్కన పెట్టి చూస్తే చదువు రానివాడికి కూడా తెలుస్తుంది. కొన్ని ఊళ్ళలో పెద్దలు బొమ్మను గోడకు తగిలించనివ్వకపోవడానికి కారణం అదే కావచ్చు.

బొమ్మలో పడని మనిషి

అయితే ఎంత పెద్ద క్లస్టరు పెట్టినా పడనిది ఒకటుంది. ఆ చేను ఎవరు చేస్తున్నారు? డెల్టాలో కౌలుదారు లేని ఊరు చూపించండి. మక్తా ముందే కట్టి, అప్పు తెచ్చి, సార్వా తుపానుకు పోతే దాళ్వా మీద ఆశ పెట్టుకుని చేసేవాడు పటంలో లేడు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, కార్డు ఇస్తామన్నారు. కార్డుకు భూయజమాని ఒప్పుకోలు సంతకం కావాలి, అది కూడా పదకొండు నెలలకే. సంతకం పెడితే భూమి పోతుందని ఆసామి భయం, అడిగితే కౌలే పోతుందని కౌలుదారు భయం. ఇన్ని కోట్ల చుక్కలు లెక్కించగలిగినవాళ్ళు, నేల మీద సరిచూసుకోవడానికి ప్రతి గట్టుకూ మనిషిని పంపుతున్నవాళ్ళు, అదే నడకలో "ఈ చేను ఈ ఏడు ఎవరు వేశారు?" అని ఒక్క ప్రశ్న అడిగి రాసుకుంటే ఎంత ఖర్చవుతుంది? సర్వేయరు గట్టు మీదకు వచ్చిన రోజున ఆసామి పట్నంలో వుంటాడు, గట్టు మీద కనిపించేది కౌలుదారూ కూలీలే.

ఇక ముసలమ్మ అరెకరం. అసైన్డు భూమి చేతులు మారకూడదని 1977 చట్టం. 2023లో దాన్ని సవరించి ఇరవై ఏళ్ళు నిండిన పట్టాలకు అమ్ముకునే వీలు ఇచ్చారు. ఆమె అమ్మలేదు, ఎవరికీ రాసివ్వలేదు. గట్టు తెగ్గొట్టి కలుపుకున్నారంతే. బొమ్మలో ఆమె గట్టు లేదు గనుక బొమ్మను నమ్ముకుంటే ఆమె భూమి లేదు. పాత ఎఫ్‌ఎంబీలో మాత్రం నాలుగు మూలలూ లింకులతో సహా వున్నాయి. కుర్రాడు ఆ కొలతలు తీసుకుని తన బొమ్మ మీద వేసి చూశాడు. మూడు మూలలు నీళ్ళలో పడ్డాయి, నాలుగో మూల ఒక తూము పక్కన మెరక మీద పడింది. ఆమెను తీసుకెళ్ళి చూపించాము. "అక్కడ మా ఆయన వేసిన తాటిచెట్టు వుండేది" అన్నది. చెట్టు లేదు, మొద్దు వుంది. కుర్రాడు దాన్ని ఫొటో తీసుకుని నంబరు రాసుకున్నాడు. దరఖాస్తులో అది కూడా జతపరిచాము.

ఇప్పుడు వాడు మళ్ళీ ఫొటోలు తీసి కొత్తగా లెక్క కట్టించబోతున్నాడు. ఈసారి తొమ్మిది చోట్ల సున్నం గుర్తులు, అందులో అయిదు చెరువుల మధ్య గట్ల మీద. కాపలావాళ్ళతో మాట్లాడడం మా వంతు. వాళ్ళూ కూలి బిడ్డలే గనుక ఒప్పుకున్నారు. తూము పక్క మొద్దు దగ్గర ఒక గుర్తు వేయిస్తున్నాము. నీళ్ళ ట్యూబు తాపీ మేస్త్రి ఇస్తానన్నాడు. దాళ్వా ఊడ్పులు ముగిసి నీళ్ళు నిలకడగా వున్న రోజున, గాలి లేని ఉదయం పూట మొదలుపెట్టాలి. పంచాయతీని అడిగిన సున్నం బస్తా ఇంకా రాలేదు.